పైపుకి పోయేకాలం ఎప్పుడు?

పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టుకి టాపిక్ ఎంచుకోమన్నప్పుడు మా క్లాసులో సగంమంది ఇళ్ల ధరలు తీసుకున్నారు, మిగతా సగం సినిమా రివ్యూలు. లేటుగా వెళ్లిన మా టీమ్‌కి మిగిలింది మురుగు పైపులు. హాస్టల్లో చెప్తే అందరూ నవ్వారు. ఒకడైతే వారం రోజులు నా పక్కన కూర్చుని తినను అన్నాడు. కానీ సెమిస్టర్ అయిపోయి, మార్కులు కూడా వచ్చేశాక, నేను ఇంకా ఆలోచిస్తున్న ప్రాజెక్టు అదొక్కటే. అందుకే ఈ వ్యాసం. ఇందులో కోడ్ లేదు, భయపడకండి. ప్రశ్న మాత్రం సింపుల్‌గానే ఉంటుంది: భూమి లోపల, ఎవరికీ కనిపించని పైపు ఎప్పుడు పాడవుతుందో ముందే చెప్పగలమా?

ముందు ఆ పైపులో ఏం జరుగుతుందో చూద్దాం. మంచినీళ్ల పైపులో నీళ్లు ఒత్తిడితో వస్తాయి. మురుగు పైపులో చాలావరకు అలా కాదు, వాలు ఉంటేనే కదులుతాయి. మన దేశంలో మురుగు లైన్లు డిజైన్ చేసేవాళ్లు చూసే కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ఒకటుంది. మురుగు ఎక్కువగా వచ్చే వేళల్లో అది సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలని అందులో ఉంటుంది. అంటే మనం మామూలుగా నడిచే వేగంలో సగం. అంతకన్నా నెమ్మదిస్తే ఇసుక, మడ్డి అడుగున పేరుకుంటాయి. ఇంజనీర్లు దీన్ని తనను తాను కడుక్కునే వేగం అంటారు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

వాలు సరిగ్గా లేకపోతే ఏమవుతుంది? జామ్ అవుతుంది, పొంగుతుంది, అది మనందరికీ తెలిసిందే. మనకి కనిపించనిది ఇంకోటి ఉంది. నిలవ ఉన్న మురుగులో ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు పైపు గోడకి పట్టిన జిగురులో ఉండే ఒకరకం బ్యాక్టీరియా, నీళ్లలోని సల్ఫేట్‌ని పట్టుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గ్యాస్ అదే. అది నీళ్లలోంచి పైకి లేచి, పైపు లోపలి పైకప్పుకి పట్టిన చెమ్మలో కలుస్తుంది. అక్కడ రెండో రకం బ్యాక్టీరియా కాచుకుని ఉంటుంది. అది ఆ గ్యాస్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్‌తో చుక్క చుక్క లెక్కపెట్టి వాడిన యాసిడ్, ఇక్కడ ఎవరూ పోయకుండానే తయారవుతుంది. సిమెంట్ మెల్లగా జిప్సం అయిపోతుంది, అంటే వేలితో గీకితే ఊడొచ్చే తెల్లటి ముద్ద. ఘోరంగా ఉన్నచోట ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కాంక్రీట్ పోతుంది. ఇందులో రెండో అంచెలో బ్యాక్టీరియా హస్తం ఉందని 1945లో మెల్‌బోర్న్‌లో పార్కర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. విచిత్రం ఏంటంటే, మురుగు తగిలే అడుగుభాగం బాగానే ఉంటుంది. మురుగు ఎప్పుడూ తగలని పైకప్పే తినేయబడుతుంది.

ఇది సిమెంట్ పైపుల కథ. పాత లైన్లలో ఉండే స్టోన్‌వేర్ పైపుకి, అంటే మెరుగు పెట్టి కాల్చిన మట్టి పైపుకి, యాసిడ్‌తో బాధ లేదు. కానీ అవి పొట్టి పొట్టి ముక్కలు కాబట్టి అడుగడుగునా అతుకులే. రావిచెట్టు వేరుకి వెంట్రుకవాసి సందు చాలు. నల్లరేగడి నేలలో ఇంకో గొడవ, ఎండాకాలం నేల బీటలిచ్చి కుంచించుకుపోతుంది, వానలకి ఉబ్బుతుంది. ఏటా ఇలా లాగి నొక్కుతుంటే అతుకులు వదులవుతాయి. ఏ పైపుకైనా పగులు పడ్డాక జరిగేది ఒకటే. వానాకాలం భూమిలోని నీరు ఆ పగుల్లోంచి పైపులోకి వస్తుంది, వస్తూ వస్తూ మట్టిని కూడా తెస్తుంది. పైపు చుట్టూ మట్టి తగ్గుతుంది, గుల్ల ఏర్పడుతుంది. మట్టి ఆసరా పోయిన పైపు ఇంకాస్త వంగుతుంది. ఒకరోజు గట్టి వాన పడుతుంది, లేదా ఒక టిప్పర్ వెళ్తుంది. పేపర్లో “రోడ్డు కుంగింది” అని వస్తుంది. నిజానికి రోడ్డు ఆ రోజు కుంగలేదు, కొన్నేళ్లుగా కుంగుతూ ఉంది.

ఇక్కడివరకు చదివితే “వయసును బట్టి చెప్పేయొచ్చుగా, పాత పైపు ముందు పోతుంది” అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. అయితే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లండన్‌లో 1858 ఎండాకాలం థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కదిలింది, బజాల్‌గెట్ అనే ఇంజనీరు ఇటుకలతో పెద్ద పెద్ద మురుగు కాలువలు కట్టించాడు. అవి నేటికీ పనిచేస్తున్నాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఫ్రేజర్ అనే ఊళ్లో 1970ల నాటి పైపు ఒకటుండేది. 11 అడుగుల వ్యాసం, అంటే లోపల మనిషి నిలబడి చెయ్యెత్తినా పైన ఖాళీ మిగులుతుంది. 2016 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందురోజు, అది కూలి నేల మింగేసినట్టయింది. మూడు ఇళ్లు పోయాయి, బాగుచేయడానికి దాదాపు 7.5 కోట్ల డాలర్లు అయ్యాయి. అదే లైను అంతకుముందు 2004లో కూడా కొంతదూరంలో కూలింది. నూట యాభై ఏళ్లది నిలబడింది, నలభై చిల్లర ఏళ్లది పడిపోయింది. వయసు లెక్కలోకి వస్తుంది కానీ వయసొక్కటే లెక్క కాదు.

మరి పైపు పరిస్థితి తెలిసేదెలా? చక్రాలున్న చిన్న బండికి కెమెరా కట్టి పైపులోకి పంపుతారు. పైన వ్యాన్‌లో కూర్చున్న ఆపరేటర్ ఆ వీడియో చూస్తూ ఎన్నో మీటరు దగ్గర పగులు ఉంది, ఎక్కడ వేరు దూరింది, ఎక్కడ అతుకు జరిగింది అని కోడ్‌లు వేస్తాడు. అవన్నీ కలిపి పైపుకి 1 నుంచి 5 వరకు గ్రేడ్ ఇస్తారు. 1 అంటే కొత్తదానిలా ఉంది, 5 అంటే కూలింది లేదా నేడో రేపో. ఈ పద్ధతి 1980ల్లో బ్రిటన్‌లో మొదలై మిగతా దేశాలకి పాకింది. అప్పటి బ్రిటిష్ వాళ్లు నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకున్నారు: ఫలానా రోజు కూలుతుందని చెప్పలేం, కూలడానికి సిద్ధంగా ఉందా లేదా అన్నదే చెప్పగలం. అంటే మా ప్రాజెక్టు కూడా తేదీ చెప్పే జాతకం కాదు. గ్రేడ్ ఎలా మారుతుందో చెప్పే లెక్క.

దానికి ఎక్కువగా వాడేది మార్కోవ్ చైన్. మూడో సెమిస్టర్‌లో మనం పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయిందే. పైపు ఇప్పుడున్న గ్రేడ్ తెలిస్తే, పదేళ్ల తర్వాత అదే గ్రేడ్‌లో ఉండే అవకాశం ఎంత, కింది గ్రేడ్‌కి జారే అవకాశం ఎంత, అంతే. అర్థం కావడానికి కొన్ని అంకెలు నేనే కల్పిస్తాను. పదేళ్లలో గ్రేడ్ 1 పైపుల్లో నూటికి 30 గ్రేడ్ 2కి జారతాయి. 2 నుంచి 3కి కూడా 30. 3 నుంచి 4కి 40. 4 నుంచి 5కి 50, ఎందుకంటే పగులు పెద్దదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇప్పుడు 100 కొత్త పైపులు వేద్దాం. పదేళ్లకి 70 గ్రేడ్ 1లో, 30 గ్రేడ్ 2లో ఉంటాయి. ఇరవై ఏళ్లకి 49, 42, ఇంకా గ్రేడ్ 3లో 9. నలభై ఏళ్లకి వరసగా 24, 41, 24, 9, 2. పెన్నూ పేపరూ తీసుకుని ఒకసారి వేసి చూడండి, ఐదు నిమిషాల పని. నలభై ఏళ్లపాటు ఊరంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, గ్రేడ్ 5లో ఉన్నవి రెండంటే రెండే. కానీ వెనకాల గ్రేడ్ 3, 4ల్లో 33 క్యూ కట్టి ఉన్నాయి. మున్సిపాలిటీ బడ్జెట్ వేసేవాళ్లు ఆ రెండింటినే చూస్తే, తర్వాతి పదేళ్లలో వాళ్లకి ఎక్కడలేని ఆశ్చర్యం ఎదురవుతుంది.

ఈ లెక్కలో ఇబ్బంది ఏంటంటే, మార్కోవ్‌కి జ్ఞాపకం ఉండదు. నిన్ననే గ్రేడ్ 3కి వచ్చిన పైపు, ఇరవై ఏళ్లుగా గ్రేడ్ 3లో ఉన్న పైపు, రెండూ దానికి ఒకటే. ఇంకోటి, పైపు తనంతట తాను బాగుపడదు కదా. అయినా రికార్డుల్లో ఒక్కోసారి గ్రేడ్ 4 పైపు తర్వాతి తనిఖీలో గ్రేడ్ 2 అయిపోతుంది. ఎవరో రిపేర్ చేసి రాయలేదన్నా అనుకోవాలి, లేదా రెండోసారి వీడియో చూసినవాళ్ల కళ్లు వేరన్నా అనుకోవాలి. ఈ రెండోదాన్ని డెల్ఫ్ట్ పరిశోధకులు 2013లో లెక్కకట్టారు. ఉన్న లోపాల్లో దాదాపు పావువంతు చూసేవాళ్లకి తప్పిపోతున్నాయి. మనం మోడల్‌కి నేర్పే జవాబుల్లోనే ప్రతి నాలుగు లోపాల్లో దాదాపు ఒకటి రాసి ఉండదు! ఎగ్జామ్ కీలోనే తప్పులుంటే టాపర్ ఎవరో ఎలా తేలుతుంది?

అయినా మమ్మల్ని నిజంగా తికమక పెట్టింది ఇది కాదు.

మాకు నిజం డేటా దొరకలేదు. అందుకని సొంతంగా ఒక బుల్లి నగరాన్ని కంప్యూటర్లో తయారుచేశాం. వెయ్యి పైపులు, ఒక్కోదానికి సైజు, సామాను, వేసిన సంవత్సరం. వీటితోపాటు రహస్యంగా ఇంకో కాలమ్ పెట్టాం, ఆ చోట పని ఎంత బాగా జరిగింది అన్నది. వాలు సరిగ్గా ఇచ్చారా, కింద పరుపు సరిగ్గా వేశారా, అలాంటివి. ఈ కాలమ్ మోడల్‌కి చూపించలేదు, ఎందుకంటే నిజం ఊళ్లో అది ఎవరి దగ్గరా రాసి ఉండదు. పగిలిన పైపుల్ని ఊరివాళ్లలాగే తీసేసి కొత్తవి వేస్తూ పోయాం. అరవై ఏళ్లు నడిపి, చివర్లో రిజిస్టర్‌లో మిగిలింది తీసుకెళ్లి ర్యాండమ్ ఫారెస్ట్‌కి ఇచ్చాం. అది నేర్చుకున్నది ఏంటో తెలుసా? పాత పైపులు గట్టివి, కొత్త పైపులు నమ్మలేం.

మొదట బగ్ అనుకుని రెండు రాత్రులు కోడ్ వెతికాం. బగ్ లేదు. మోడల్ నిజమే చెప్తోంది, తనకి కనిపించినంతవరకు. అరవై ఏళ్ల కిందట సరిగ్గా వేయని పైపులన్నీ ఎప్పుడో పోయాయి. వాటి చోట కొత్త పైపులొచ్చాయి, రిజిస్టర్‌లో కొత్త తేదీ పడింది, పాతది కొట్టేశారు. కాబట్టి ఇప్పుడు “వయసు 60” అని కనిపించే ప్రతి పైపూ గట్టిగా వేసిందే. “వయసు 20” అని కనిపించేవాటిలో చాలావరకు అదే పాడు స్థలంలో, అదే పాడు వాలు మీద మళ్లీ వేసినవి. దీన్ని స్టాటిస్టిక్స్‌లో లెఫ్ట్ ట్రంకేషన్ అంటారట. చూడటం మొదలుపెట్టకముందే పోయినవాళ్లు లెక్కలోకి రారు.

మా నాయనమ్మ ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉంది. దాన్ని చూసినప్పుడల్లా “ఆ కాలం సామాను అంటే ఆ కాలం సామానే” అంటుంది. ఆ కాలంలోనే చిల్లులు పడ్డ బిందెలన్నీ పాత సామాన్లవాడి గంపలోకి వెళ్లాయని నేను అనను, అంటే అన్నం పెట్టదు. తనకి ఎనభై ఆరు. “ఆ రోజుల్లో తిండి అలాంటిది, అందుకే ఇలా ఉన్నాం” అని కూడా అంటుంది. తనతోపాటు పుట్టినవాళ్లు తొమ్మిదిమంది, పెద్దయ్యేవరకు బతికింది నలుగురు. ఆ ఐదుగురూ ఈ మాట చెప్పడానికి లేరు.

దీనికి మందు లేకపోలేదు. మెడికల్ వాళ్లు ఎప్పటినుంచో వాడే సర్వైవల్ అనాలిసిస్ ఉంది. 1958 నాటి కాప్లాన్, మేయర్ పద్ధతి, 1972 నాటి కాక్స్ మోడల్ అందులోవే. ఏ పైపు ఏ సంవత్సరం నుంచి మన కంటికి కనిపిస్తోందో చెప్తే, ముందే పోయినవాటి ప్రభావాన్ని చాలావరకు సర్దుకోగలవు. కానీ పోయిన పైపు ఎప్పుడు వేశారు, ఎప్పుడు పోయింది అన్నది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. హైదరాబాద్ సంగతే తీసుకోండి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినప్పుడు ఆయన చూసినవాటిలో రిజర్వాయర్లతోపాటు డ్రైనేజీ కూడా ఉంది. అంటే అక్కడ మురుగు లైన్ల చరిత్రకి వందేళ్ల వయసు. అలాంటి ఊళ్లో పోయిన పైపులకి డెత్ సర్టిఫికెట్ లేకపోతే, ఎంత గొప్ప అల్గారిథమ్ తెచ్చినా బతికినవాళ్ల గొప్పలే వింటుంది.

ఇంకొక మాట, ముఖ్యంగా మన బ్రాంచ్ వాళ్లకి. మా మొదటి రివ్యూలో 90 శాతం యాక్యురసీ చూపించి తెగ మురిసిపోయాం. మేడమ్ ఒక్క ప్రశ్న అడిగారు, పాడైన పైపులు నూటికి ఎన్ని అని. పది, అన్నాం. “అయితే అన్నీ బాగున్నాయని కళ్లు మూసుకుని చెప్పినా తొంభయ్యేగా?” అన్నారు. నిజంగానే మా మోడల్ దాదాపు అదే చేస్తోంది. ఇక్కడ రెండు తప్పులు సమానం కావు. బాగున్న పైపుని పాడైందన్నామనుకోండి, కెమెరా బండికి ఒక రోజు దండగ. పాడైన పైపుని బాగుందన్నామనుకోండి, అది ఒకరోజు జామ్ అవుతుంది, పొంగుతుంది, కంప్లైంట్ వెళ్తుంది. అప్పుడు ఎవరో ఒకరు మూత తీయాలి.

ఆ “ఎవరో ఒకరు” గురించి చట్టం ఉంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు లైన్లోకి దింపడం నేరం. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అలా చనిపోయినవాళ్ల కుటుంబాలకి ఇచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. పెంచాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు, దిగడం ఆగలేదని. ఈ పని మీదే జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌గారు కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగాయన, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పేరు నాకు ఈ ప్రాజెక్టు వల్లే తెలిసింది, సిగ్గుగానే చెప్తున్నాను. రోబోలు, చిన్న సందుల్లోకి వెళ్లే జెట్టింగ్ మెషీన్లు వచ్చాయి, మంచిదే. కానీ అవి ఏ వీధికి ముందు వెళ్లాలో చెప్పడానికి మళ్లీ ఇలాంటి లెక్కే కావాలి.

పైన చెప్పిన గ్యాస్ గుర్తుందా? పైపు పైకప్పుని తినే హైడ్రోజన్ సల్ఫైడే మనిషినీ చంపుతుంది. గాలిలో పది లక్షల పాళ్లకి 100 పాళ్లు చేరేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియడం మానేస్తుంది. 500 దాటితే నిమిషాల్లో మనిషి పడిపోతాడు. అంటే సిమెంట్ ఎక్కడ ఎక్కువ తినేయబడుతుందని మోడల్ చెప్తుందో, మనిషి అస్సలు దిగకూడని చోటు కూడా చాలావరకు అదే. మా టేబుల్‌లో ఆ కాలమ్ ముందునుంచీ ఉంది. రెండో అర్థం మాకు డెమో రోజు దాకా తట్టలేదు.

కాలేజీ వెనక రోడ్డులో ఒకరోజు మూత తెరిచి పక్కన నిలబడ్డ ఒక అన్నని పలకరించాను. “అన్నా, ఏం చూస్తున్నారు?” అంటే, “గాలి పోనిస్తున్న తమ్మీ. మూత తీసి ఊకె వంగుతరా? అర్ధగంట ఆగాలె” అన్నాడు. వాసన బాగా వస్తోందన్నాను. “వస్తే నయమే. వచ్చే వాసన ఒక్కసారి ఆగిందనుకో, గప్పుడు భయపడాలె” అన్నాడు. నేను నాలుగు పేపర్లు చదివి తెలుసుకున్నదాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ధైర్యం వచ్చి, ఇక్కడ ఎప్పుడూ ఇలాగే జామ్ అవుతుందా అని అడిగాను. “గా మలుపు కాడ మూడేండ్లకొకసారి గిదే లొల్లి. పైపు రెండుసార్లు మార్చిండ్రు. వాలు మార్చలే.”

మేం కంప్యూటర్లో మోడల్‌కి కనపడకుండా దాచిపెట్టిన రహస్య కాలమ్ అదే. రూమ్‌కొచ్చి టేబుల్‌లో రెండు కొత్త కాలమ్స్ పెట్టాను: ఈ చోట ఇంతకుముందు ఎన్ని పైపులు పోయాయి, పోయినప్పుడు వాలు సరిచేశారా లేదా. ప్రస్తుతానికి మా దగ్గర ఆ రెండు కాలమ్స్ నిండిన నిజమైన వరస ఒక్కటే ఉంది, కాలేజీ వెనక మలుపుది.